పొలంలోని నీటి మీటర్లు: క్రమాంకనం, నిర్వహణ

నీటి యాజమాన్యంపై మనం జరిపే ప్రయోగాలలో ఎరువులను గ్రాములలో తూచుతాం. నేల నమూనాను 105 డిగ్రీల వద్ద ఆరబెట్టి తేమను నిర్ధారిస్తాం. దిగుబడిని మడి వారీగా తూకం వేస్తాం. ప్రయోగానికి మూలమైన నీటిని మాత్రం పైపుకు బిగించిన మీటరు ఏ అంకె చూపితే ఆ అంకెగానే స్వీకరిస్తాం. కర్మాగారం నుండి వచ్చిన నాడు ఆ మీటరును పరీక్షించి ఉండవచ్చు. ఆ తరువాత ఇసుక కలిసిన బోరు నీటిని, కాలువ నాచును, వేసవి ఎండను భరిస్తూ ఐదారేళ్లు గడిచినా దానిని మరల పరీక్షించిన దాఖలా చాలా ప్రయోగ క్షేత్రాలలో కనిపించదు. విత్తనం కొలిచే తూకపు యంత్రానికి ముద్ర వేయించే మనం నీటిని తూచే యంత్రాన్ని మరచిపోతున్నాం.

గణాంక శాస్త్రంపై మనకున్న అతి నమ్మకం ఇందుకు ఒక కారణమని నా అభిప్రాయం. పునరావృత్తులు పెంచితే దోషం తగ్గుతుందని విద్యార్థులకు బోధిస్తాం. అది యాదృచ్ఛిక దోషానికి మాత్రమే వర్తిస్తుంది. మీటరు ప్రతిసారీ ఒకే దిక్కుగా, దాదాపు ఒకే శాతంలో తప్పు చూపుతుంటే ఆ తప్పు అన్ని పునరావృత్తులలోనూ సమానంగా ఉంటుంది. విచలన గుణకం తక్కువగానే వస్తుంది, 'ఎఫ్' పరీక్షలో ఆ తప్పు జాడ కనిపించదు. పట్టికలో అంకెలు ముచ్చటగా ఉంటాయి, కాని వాటి పునాదే పక్కకు జరిగి ఉంటుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. రబీ పైరుపై బిందు సేద్య ప్రయోగంలో పాన్ బాష్పీభవనానికి 0.6, 0.8 వంతుల నీరిచ్చే రెండు ట్రీట్‌మెంట్లు ఉన్నాయనుకుందాం. పంటకాలం మొత్తానికి అవి వరుసగా 240, 320 మి.మీ. నీరు. ఒక్కొక్క దానికి వేర్వేరు మీటరు బిగించారు. మొదటి మీటరు 8 శాతం తక్కువ, రెండవది 8 శాతం ఎక్కువ చూపుతున్నాయి. మీటరుపై అనుకున్న అంకె వచ్చేవరకు నీరు వదిలితే పైరుకు నిజంగా అందినది 261, 296 మి.మీ. అంటే 80 మి.మీ. ఉండవలసిన తేడా 35 మి.మీ.కు కుదించుకుపోయింది. దిగుబడులలో చెప్పుకోదగిన తేడా లేదని తేలుతుంది. 'నీటిలో నాలుగవ వంతు ఆదా అయినా దిగుబడి తగ్గలేదు' అని సిఫారసు వ్రాస్తాం. నిజానికి ఆదా అయినది ఎనిమిదవ వంతు మాత్రమే. ఆ సిఫారసును నమ్మి నాలుగవ వంతు నీరు తగ్గించిన రైతు చేనులో ఏమి జరుగుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

అన్ని ట్రీట్‌మెంట్లకూ ఒకే మీటరు వాడితే, ప్రవాహం కూడా అన్నింటిలో ఒకే తీరుగా ఉంటే, ట్రీట్‌మెంట్ల వరుస మారదు. అంతవరకు అది క్షేమమే. కాని అసలు పరిమాణం తప్పుగానే నమోదవుతుంది. హెక్టారుకు 3,000 కిలోల దిగుబడి, నిజంగా ఇచ్చిన నీరు 450 మి.మీ. అనుకుంటే నీటి ఉత్పాదకత ఘనపు మీటరుకు 0.67 కిలోలు. మీటరు 10 శాతం తక్కువ చూపితే నీరు 405 మి.మీ.గా నమోదై ఉత్పాదకత 0.74 కిలోలకు పెరుగుతుంది. మరొక కేంద్రం ఫలితాలతో పోల్చినప్పుడు ఈ తేడాను నేలకో, రకానికో, వాతావరణానికో ఆపాదిస్తాం.

మీటరు ఎందుకు తప్పుతుంది

మన క్షేత్రాలలో ఎక్కువగా కనిపించేది వోల్ట్‌మన్ రకం మీటరు. 18వ శతాబ్దం చివరలో జర్మనీ జలవనరుల ఇంజనీరు రైన్‌హార్డ్ వోల్ట్‌మన్ ప్రవాహ వేగాన్ని కొలిచేందుకు వాడిన రెక్కల చక్రమే దీనికి మూలం. పైపులో నీటి వేగానికి రెక్కలు తిరుగుతాయి, ఆ చుట్లను అయస్కాంతపు జోడింపు ద్వారా పైనున్న అంకెల డబ్బా లెక్కిస్తుంది. అంటే ఈ మీటరు నేరుగా ఘనపరిమాణాన్ని కొలవదు. వేగాన్ని కొలిచి, పైపు కోత వైశాల్యం మారలేదన్న నమ్మకంతో ఘనపరిమాణాన్ని చూపుతుంది. దాని తప్పులలో చాలావరకు ఈ నమ్మకం నుండే పుడతాయి.

కఠిన జలాలున్న చోట మీటరు లోపలి గోడకు సున్నపు పొర పేరుకుంటుంది. దారి ఇరుకై వేగం పెరుగుతుంది, అందువలన మీటరు ఎక్కువ చూపుతుంది. ఇసుక తగిలి బేరింగులు అరిగితే చక్రం బరువెక్కి తక్కువ చూపుతుంది, అది కూడా ముందుగా తక్కువ ప్రవాహాలలోనే బయటపడుతుంది. ఇనుము ఎక్కువగా ఉన్న బోర్లలో ఎర్రని జిగురు రెక్కలకు పట్టుకుంటుంది. కాలువ నీటిలో నాచు పోగులు ఇరుసుకు చుట్టుకుంటాయి. బోరు ఆన్ చేసిన తొలి క్షణాలలో పైపులోని గాలి చక్రాన్ని వేగంగా తిప్పుతుంది. ఆ చుట్లన్నీ నీరుగానే లెక్కకు వస్తాయి. నాన్-రిటర్న్ వాల్వు లేని చోట మోటారు ఆగగానే నీరు వెనుకకు జారి మీటరును వెనక్కు తిప్పుతుంది. కరెంటు రోజుకు పదిసార్లు పోయి వచ్చే చోట ఈ రెండూ పదిసార్లు జరుగుతాయి. ఎయిర్ వాల్వు, నాన్-రిటర్న్ వాల్వు లేని మీటరు నుండి సరైన కొలతను ఆశించలేము.

బిగించిన చోటు కూడా అంతే ముఖ్యం. ఎల్బో, సగం మూసిన గేటు వాల్వు, ఫిల్టరు నుండి వెలువడే నీరు సుడి తిరుగుతూ వస్తుంది. ఆ సుడి రెక్కలను తోయవచ్చు, అడ్డగించవచ్చు. సాధారణంగా మీటరుకు ముందు పైపు వ్యాసానికి పది రెట్లు, తరువాత ఐదు రెట్లు తిన్నని పైపు ఉంచాలంటారు. 75 మి.మీ. పైపుకు ఇది ముందు 75 సెం.మీ., తరువాత సుమారు 38 సెం.మీ. కొత్త నమూనాలకు అంతకంటె తక్కువ చాలు. ఐఎస్‌ఓ 4064 ప్రమాణం ప్రకారం తయారైన మీటరుపై ఈ అవసరాన్ని యు10, డి5 వంటి గుర్తులతో ముద్రిస్తారు, ఆ అంకెలు వ్యాసపు రెట్లను తెలుపుతాయి. కొనేటప్పుడు ఈ గుర్తును చదివే అలవాటు మనకు ఇంకా రాలేదు.

అవసరానికి మించి పెద్దదైన మీటరు మరొక సమస్య. ఐఎస్‌ఓ 4064 ప్రకారం రెండవ తరగతి మీటరు, మామూలు ఉష్ణోగ్రత గల నీటిలో, క్యూ2 అనే ప్రవాహానికి పైన 2 శాతం లోపు, దాని కింద కనిష్ఠ ప్రవాహమైన క్యూ1 వరకు 5 శాతం లోపు దోషంతో ఉండవచ్చు. శాశ్వత ప్రవాహం క్యూ3 గంటకు 63 ఘనపు మీటర్లు, నిష్పత్తి 50 గల మీటరుకు క్యూ1 గంటకు 1.26, క్యూ2 సుమారు 2 ఘనపు మీటర్లు. గంటకు 4 లీటర్లిచ్చే 360 డ్రిప్పర్లున్న ప్రయోగపు మడికి పోయేది గంటకు 1.44 ఘనపు మీటర్లే. కొత్త మీటరు కూడా అక్కడ 5 శాతం దోషం చూపే హక్కు కలిగి ఉంది, అరిగిన మీటరు తిరగకపోవచ్చు. పైపు సైజును చూసి మీటరును ఎంచుకోవడం వలన జరిగే పొరపాటు ఇది. ఎంపికకు ప్రవాహమే ఆధారం కావాలి. మన దేశంలో 50 మి.మీ.కు పైబడిన పెద్ద మీటర్లకు ఐఎస్ 2373 వర్తిస్తుంది. సాగునీటి మీటర్లకంటూ ప్రత్యేకంగా ఐఎస్‌ఓ 16399 కూడా ఉంది.

ట్యాంకు పరీక్ష

మీటరును విప్పి ప్రయోగశాలకు పంపడం ఒక మార్గం. కేరళలోని పాలక్కాడ్‌లో ఉన్న ఫ్లూయిడ్ కంట్రోల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలలో అటువంటి సదుపాయాలున్నాయి. కాని ప్రయోగశాలలో తిన్నని పైపు, శుభ్రమైన నీరు, స్థిరమైన ఒత్తిడి ఉంటాయి. అక్కడ నిర్దోషిగా తేలిన మీటరు మన ఎల్బో పక్కకు రాగానే మరల తప్పు చూపవచ్చు. అందుచేత ఉన్నచోటనే, ఉన్న పైపులతోనే చేసే పరీక్షకు మరొకటి సాటిరాదు. దీనికి కావలసినది 1,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు, ఒక ఎలక్ట్రానిక్ కాటా, ఒక పూట ఓపిక.

ట్యాంకుపై ముద్రించిన 1,000 అనే అంకెను నమ్మరాదు. ముందుగా ట్యాంకునే క్రమాంకనం చేయాలి. దానిని చదునైన గట్టి నేలపై, పరీక్ష జరిపే చోటనే నిలపాలి. 20 లీటర్ల క్యాను నిండా నీరు పట్టి, తూచి, ట్యాంకులో పోసి, ఖాళీ క్యాను బరువు తీసివేయాలి. ఇలా సుమారు యాభై సార్లు చేస్తే నీటి మట్టం ట్యాంకు మూత దగ్గరి మెడకు చేరుతుంది. ఆ మెడపై గుర్తు పెట్టాలి. మెడ దగ్గరే ఎందుకంటే, ట్యాంకు వ్యాసం సుమారు 108 సెం.మీ. ఉంటే మట్టంలో ఒక సెంటీమీటరు తేడా 9 లీటర్లకు సమానం. 40 సెం.మీ. వ్యాసం గల మెడ వద్ద అదే సెంటీమీటరు ఒకటింబావు లీటరు మాత్రమే. 30 డిగ్రీల వద్ద లీటరు నీటి బరువు 0.9957 కిలోలు కనుక మొత్తం బరువును ఆ అంకెతో భాగించాలి. దీనిని విస్మరిస్తే 0.4 శాతం తప్పు వస్తుంది. మరొకసారి కూడా నింపి చూసి, రెండు ఫలితాలు రెండు లీటర్ల లోపు కలిస్తేనే ట్యాంకు సిద్ధమైనట్లు.

తరువాత మోటారు నడిపి, బైపాస్ ద్వారా నీటిని పది నిమిషాలు వదిలి గాలిని పూర్తిగా వెళ్లగొట్టాలి. మీటరు తరువాతి వాల్వు మూసి, చక్రం నిలిచిన తరువాత అంకె వ్రాసుకోవాలి. మీటరు నుండి ట్యాంకు వరకు ఉన్న గొట్టం మొదట్లోనూ చివరలోనూ నీటితో నిండి ఉండాలి. అందుకు గొట్టపు కొసను హంస మెడ వలె పైకి వంచి ట్యాంకు అంచుపై నుండి లోపలికి వదిలితే చాలు. వాల్వు తెరచి, మెడపై గుర్తు వరకు నింపి, మూసి, మరల అంకె చదవాలి. వాల్వు మూసే క్షణంలో బైపాస్ తెరచి ఉండకపోతే నీటి దెబ్బకు పైపు జాయింట్లు ఊడిపోతాయి.

ఉదాహరణకు ట్యాంకులోకి వచ్చినది 1,004 లీటర్లు, మీటరు చూపినది 965 లీటర్లు అనుకుందాం. మీటరు అంకె నుండి నిజ పరిమాణాన్ని తీసివేసి, నిజ పరిమాణంతో భాగించి నూటితో హెచ్చించగా దోషం మైనస్ 3.9 శాతం. సవరణ గుణకం 1.04. ఈ లెక్కలో గడియారానికి పని లేదని గమనించాలి. స్టాప్‌వాచ్ ప్రవాహపు రేటు తెలుసుకోవడానికే తప్ప దోషాన్ని కట్టడానికి కాదు. 200 లీటర్ల డ్రమ్ము, స్టాప్‌వాచ్‌తో పరీక్ష ముగించే అలవాటు ఉన్నవారు ఒక లెక్క చూడాలి. సెకనుకు 5 లీటర్ల ప్రవాహానికి డ్రమ్ము 40 సెకన్లలో నిండుతుంది. చేతి కదలికలో అర సెకను ఆలస్యమైనా 1.25 శాతం తప్పు.

మీటరు అంకెల డబ్బాపై కనీస కొలత 10 లీటర్లయితే, 1,000 లీటర్ల పరీక్షలో ఒక శాతం కంటె సూక్ష్మంగా ఏమీ చెప్పలేము. అప్పుడు ట్యాంకును రెండు మూడు సార్లు నింపి మొత్తాన్ని పోల్చాలి. పరీక్షను ఒకే ప్రవాహంలో ముగించరాదు. ప్రయోగంలో వాడే ప్రవాహం, అందులో సగం, వాడే వాటిలో అతి తక్కువది, ఈ మూడింటి వద్ద మూడేసి సార్లు చేయాలి. ఒకే ప్రవాహంలో మూడు ఫలితాలు ఒక శాతం లోపు కలవకపోతే మీటరును నిందించే ముందు మన ఏర్పాటును అనుమానించాలి. ఎక్కడో గాలి మిగిలి ఉంటుంది, లేదా బైపాస్ వాల్వు కారుతూ ఉంటుంది.

సెకనుకు 20 లీటర్లు ఇచ్చే పంపుకు ఈ ట్యాంకు చాలదు, 50 సెకన్లలో నిండిపోతుంది. ప్లాస్టిక్ షీటు పరచిన ఫారం పాండ్ ఉంటే దాని మట్టంలో మార్పుతో పోల్చవచ్చు. 90 డిగ్రీల వి-నాచ్‌ను కూడా వాడతారు, కాని దానిని మీటరుకు న్యాయమూర్తిగా కూర్చోబెట్టడం నాకు సమ్మతం కాదు. ఆ ప్రవాహానికి నాచ్‌పై నీటి మట్టం సుమారు 18 సెం.మీ. ఉంటుంది. ప్రవాహం మట్టపు రెండున్నర ఘాతానికి అనుపాతంలో ఉంటుంది కనుక 3 మి.మీ. పొరపాటు 4 శాతం తప్పుగా మారుతుంది. ఘోరమైన తప్పును పట్టుకోవడానికి అది పనికివస్తుంది, సవరణ గుణకం నిర్ణయించడానికి పనికిరాదు.

బిందు సేద్య ప్రయోగాలలో మరొక పరీక్ష ఖర్చు లేకుండానే ఉంది. మడిలో అక్కడక్కడ పాతిక డ్రిప్పర్ల కింద డబ్బాలు పెట్టి, వచ్చిన నీటి సగటును మొత్తం డ్రిప్పర్ల సంఖ్యతో హెచ్చించి, అదే వ్యవధికి మీటరు చూపిన అంకెతో పోల్చాలి. నీటి పంపిణీ ఏకరూపతకై ఈ కొలతలను ఎలాగూ తీస్తున్నాం. వాటిని మీటరు పక్కన పెట్టి చూడడం మాత్రం అరుదు.

ముందు పరీక్ష, తరువాతనే శుభ్రత

ఈ వ్యాసంలో ఒక్క విషయాన్ని గుర్తుంచుకోమంటే నేను కోరేది దీనినే. పంటకాలం చివరలో మీటరును విప్పి, శుభ్రంగా కడిగి, కొత్త వాషరు వేసి, అప్పుడు పరీక్షించి 'దోషం ఒక శాతం' అని వ్రాసుకోవడం మన దగ్గర కనిపించే పద్ధతి. ఆ ఒక శాతం రాబోయే పంటకు చెందినది. ముగిసిన పంటకాలమంతా ఆ మీటరు ఎంత తప్పు చూపిందో చెప్పే ఆధారం కడిగిన నీటితో పాటు పోయింది. పరిశ్రమలలో ద్రవ మీటర్లను నిర్వహించేవారు దొరికిన స్థితిలో ఒకసారి, సరిచేసిన తరువాత మరొకసారి పరీక్షించి రెండు అంకెలనూ నమోదు చేస్తారు. పరిశోధనకు మొదటి అంకే విలువైనది.

పంటకు ముందు దోషం సున్నా, పంట తరువాత దొరికిన స్థితిలో మైనస్ 6 అని వస్తే మధ్యకాలపు అంకెలను ఎలా సవరించాలి? తుప్పు, సున్నం, అరుగుదల మెల్లమెల్లగా పెరిగేవి కనుక తేదీల వారీగా క్రమంగా పంచవచ్చు. విప్పి చూసినప్పుడు ఇరుసుకు నాచు ముద్ద కనిపిస్తే అది ఒకనాడు హఠాత్తుగా పట్టినది. రోజువారీ ప్రవాహపు రేటులో ఎప్పుడు గండి పడిందో వెదకి, అక్కడి నుండి మాత్రమే సవరించాలి. రోజువారీ అంకెలు లేకుండా వారానికొక మొత్తం మాత్రమే వ్రాసుకున్న విద్యార్థికి ఈ అవకాశం ఉండదు. మీటరు ముఖాన్ని రోజూ సెల్‌ఫోనుతో ఫోటో తీయిస్తే మేలు. ఎర్ర ముల్లును నల్ల ముల్లుగా, పది రెట్ల గుర్తును ఒకటిగా చదివే పొరపాట్లు కూడా తరువాత పట్టుబడతాయి.

శుభ్రపరచే పని కష్టమైనది కాదు. మోటారు స్విచ్ తీసి, రెండు వైపులా వాల్వులు మూసి, ఒత్తిడి వదిలి బోల్టులు విప్పాలి. వోల్ట్‌మన్ మీటర్లలో చాలా నమూనాలకు పైపు నుండి బాడీని కదపకుండానే లోపలి కొలత భాగాన్ని పైకి తీయవచ్చు. సున్నపు పొరను పలుచని సిట్రిక్ ఆమ్లంలో నానబెట్టి మెత్తని బ్రష్‌తో తీయాలి. తీగల బ్రష్, ఉప్పు కాగితం తగిలితే రెక్క రూపం మారి మీటరు స్వభావమే మారుతుంది. శుభ్రమైన చక్రం నోటితో మెల్లగా ఊదితే తిరగాలి, తడబడుతూ ఆగితే బేరింగు మార్చాలి. బేరింగుకు గ్రీజు పూయరాదు, అది ఇసుకను పట్టి ఉంచుతుంది. తిరిగి బిగించేటప్పుడు బాణపు గుర్తు నీరు పోయే దిక్కునే ఉన్నదా, గాస్కెట్ అంచు లోపలికి పొడుచుకు రాలేదా చూడాలి. డ్రిప్ లైన్లలో ఆమ్ల చికిత్స చేసేవారు, ఎరువులను వెంచురి ద్వారా పంపేవారు మీటరును ఆ ఇంజెక్షన్ స్థానానికి ముందే ఉంచాలి. నీటి బిల్లులకు ఆధారమైన మీటర్లకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది, వాటిని మనం విప్పరాదు.

విద్యుదయస్కాంత మీటర్లలో తిరిగే భాగాలు లేవు కనుక వాటికి నిర్వహణే అక్కరలేదన్న అభిప్రాయం వ్యాపించింది. వాటిలోనూ ఎలక్ట్రోడ్లపై పొర పేరుకుంటుంది, ఎర్త్ వైరు ఊడిపోతుంది, కేబులును ఎలుకలు కొరుకుతాయి. పైపు నిండుగా ప్రవహించకపోతే చూపే అంకెకు అర్థం లేదు. పైపు నింపి, వాల్వులు మూసి, ప్రవాహం సున్నా చూపుతున్నదో లేదో నెలకొకసారి చూడాలి. పైపుపై బయటి నుండి బిగించే అల్ట్రాసోనిక్ పరికరం ఇతర మీటర్లను తనిఖీ చేయడానికి సౌకర్యంగా ఉంటుంది. కాని దానికి పైపు లోపలి వ్యాసాన్ని మనమే చెప్పాలి. 90 మి.మీ. పీవీసీ పైపు గోడ మందం 4 మి.మీ. ఉండగా 3 మి.మీ. అని నమోదు చేస్తే లోపలి వ్యాసం 82కు బదులు 84 అవుతుంది, ప్రవాహం 5 శాతం ఎక్కువగా వస్తుంది. పైపు ముక్కను కోసి కాలిపర్‌తో కొలిచిన తరువాతనే ఆ పరికరాన్ని నమ్మవచ్చు.

రైతు దగ్గరకు వెళ్లినప్పుడు

విస్తరణ శాస్త్రవేత్తలు ఈ పద్ధతులన్నింటినీ రైతు చేనులో అమలు చేయలేరు, అవసరం కూడా లేదు. 2003 నుండి కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ తదితర ఏడు కరువు జిల్లాలలో నడిచిన రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టులో రైతులే తమ బోర్ల నీటిమట్టాన్ని, నీటి రాకను కొలిచి గ్రామంలో బోర్డుపై వ్రాశారు. కొలత రైతు చేతిలో ఉంటే దానిపై చర్చ కూడా రైతుల మధ్యనే జరుగుతుందని ఆ అనుభవం చూపింది. సిఫారసును 'ఎకరాకు ఇన్ని మి.మీ.' అని కాక 'మీ బోరు ప్రవాహానికి ఇన్ని గంటలు' అని మార్చి చెప్పాలంటే మనకు ఆ బోరు ప్రవాహం తెలియాలి. ఎకరాకు ఒక మి.మీ. అంటే 4,047 లీటర్లు. సెకనుకు 3 లీటర్లిచ్చే బోరుకు 5 మి.మీ. ఇవ్వడానికి సుమారు ఒక గంటా 52 నిమిషాలు పడుతుంది. మార్చిలో అదే బోరు 2 లీటర్లకు పడిపోతే రెండు గంటల 49 నిమిషాలు కావాలి. డిసెంబరులో చెప్పిన గంటలనే మార్చిలోనూ పాటించిన రైతు మూడవ వంతు తక్కువ నీరిచ్చినట్లు. డ్రమ్ము పరీక్షలోని ఒకటి రెండు శాతం తప్పు ఇక్కడ లెక్కలోనికి రాదు. నెలకొకసారి చేయించడమే ముఖ్యం.

ప్రయోగ క్షేత్రంలో మాత్రం ప్రతి మీటరుకూ ఒక నోటు పుస్తకం ఉండాలి. మీటరు క్రమసంఖ్య, బిగించిన తేదీ, ముందు వెనుక తిన్నని పైపు పొడవులు, ప్రతి పరీక్ష తేదీ, ప్రవాహం, దొరికిన స్థితిలో దోషం, సరిచేసిన తరువాతి దోషం, విప్పినప్పుడు లోపల కనిపించినది, పరీక్షించిన వారి సంతకం అందులో చేరాలి. సిద్ధాంత వ్యాసాలను పరిశీలించేవారు ఈ పుస్తకాన్ని అడగడం మొదలుపెడితే అది తనంతట తానే తయారవుతుంది. 'పరికరాలు, పద్ధతులు' అధ్యాయంలో దాని సారం రెండు వాక్యాలకు మించదు: 'సాగునీటిని 50 మి.మీ. వోల్ట్‌మన్ మీటరుతో కొలిచి, పంటకు ముందు, తరువాత ఉన్నచోటనే ట్యాంకు పద్ధతిలో పరీక్షించడమైనది. ప్రయోగపు ప్రవాహం వద్ద దోషం వరుసగా మైనస్ 0.8, మైనస్ 3.9 శాతం, నీటి పరిమాణాలను తదనుగుణంగా సవరించడమైనది.'